పేరు పక్కన అక్షరం

నోటుబుక్కు ఇంకా మునివెంకటప్ప నడుం వెనకే ఉంది.

గురువారం సాయంత్రం పంచెకీ వీపుకీ మధ్య దోపుకున్న మనిషి, శనివారం పొద్దున పది దాటినా బయటికి తియ్యలేదు. ఆయన వంగితే అదీ వంగుతోంది. ఆయన చతికిలబడి కూర్చుంటే అది మాత్రం నిటారుగా నిలబడి, నా సంగతి ఏం తేల్చారని ఇంటిల్లిపాదినీ అడుగుతోంది. నిద్రపోయేటప్పుడు తలగడ కింద, స్నానానికి పోయేటప్పుడు దూలం మీద. ఆ ఇంట్లో పొలం పత్రాలకు కూడా అంత కాపలా లేదు.

అంబిక చేతులు పట్టుపురుగుల మీద ఉన్నాయి. కళ్ళు నాయన వీపు మీద ఉన్నాయి.

సోమవారం పొద్దున పది గంటలకు ఆ నోటుబుక్కు బెంగళూరులో, యూనివర్సిటీలో, మేడమ్ బల్ల మీద ఉండాలి. లేకపోతే అంబిక ఎం.ఏ. చివరి సంవత్సరం ఊడ్చిపెట్టుకుపోయినట్టే. మునివెంకటప్ప మాత్రం గురువారమే తేల్చి చెప్పేశాడు. సోమవారం బాగేపల్లి స్టాండులో బస్సు ఉంటుంది, అందులో అంబిక ఉండదు.

ఆ మాట తర్వాత రెండు రోజులుగా ఇంట్లో వంట జరుగుతోంది, తిండి జరుగుతోంది, మాటలు మాత్రం జరగడం లేదు.

పురుగులకు ఇవేమీ పట్టవు కదా. అవి సరిగ్గా ఈ పొద్దే పండాయి.

పట్టుపురుగు పండితే ఆకు మానేస్తుంది. ఒళ్ళు తేనె రంగుకు తిరిగి, తల పైకెత్తి, గూడు కట్టుకునే చోటు వెతుకుతుంది. అప్పుడు ఒక్కొక్కదాన్నే ఏరి చంద్రిక మీద, అంటే వెదురుబద్దలతో చుట్టలు చుట్టలుగా అల్లిన తడిక మీద, వదలాలి. కాస్త ఆలస్యమైతే ఆకు చెత్తలోనే గూడు కట్టేసి పంట పాడుచేస్తుంది. అందుకని ఆ ఒక్కరోజు ఆ ఇంట్లో కోపం వచ్చినవాళ్ళకు లేచిపోయే హక్కు లేదు. ఎంత అలిగినా అలిగినచోటే కూర్చుని పురుగులు ఏరాలి.

అలాగే కూర్చున్నారు అయిదుగురూ షెడ్డులో. ఈ చివర మునివెంకటప్ప, ఆయన తమ్ముడు పిళ్ళప్ప. మధ్యలో అంబిక. ఆ చివర అంబిక తల్లి పుట్టమ్మ, గోనెసంచి మీద అవ్వ అక్కయమ్మ.

పుట్టమ్మ కూతురితో మాట్లాడటం లేదు, పురుగులతో మాట్లాడుతోంది. కొందరికి బెంగళూరు గాలి తగిలేసరికి ఏది పండిందో ఏది పచ్చిదో కూడా తెలియకుండా పోయిందని ఒక పురుగుతో చెప్పింది. కన్నవాళ్ళ పేర్లు నెలకొకసారి, ఎవరి పేరో పేజీకి నాలుగుసార్లు అని ఇంకో పురుగుతో చెప్పుకుంది. పురుగులు ఓపిగ్గా తల ఎత్తి విన్నాయి.

ఇంత గొడవకు కారణమైన ఆ నోటుబుక్కులో ప్రేమలేఖ లేదు, ఫోటో లేదు. ఉన్నవన్నీ స్కేలు పెట్టి గీసిన గళ్ళు. టైము, చోటు, మనిషి, భాష. పట్నంలో చదివే పిల్లలు పొద్దున లేచింది మొదలు ఎవరితో ఏ భాష మాట్లాడుతున్నారో నాలుగు నెలలు రాసి తెమ్మన్నది మేడమ్. తెలుగైతే తె, కన్నడైతే క, ఇంగ్లీషైతే ఇం, హిందీ అయితే హిం.

రాసింది తెలుగు మాటలే గాని అక్షరాలు కన్నడవి. ఆ తాలూకాలో అందరిదీ అదే రాత. బడి కన్నడం, నోరు తెలుగు. పుట్టమ్మ భజన పుస్తకం అట్లాగే ఉంటుంది, పిళ్ళప్ప ఫోన్లో పంపే చాడీలూ అట్లాగే ఉంటాయి.

అంబికకు మొదట్లో అదొక మొక్కుబడి పని. నెల తిరిగేసరికి పిచ్చి పట్టింది. బాగేపల్లిలో బస్సెక్కినప్పుడు కండక్టరు తెలుగులో టికెట్ అడుగుతాడు. చిక్కబళ్ళాపురం దాటాక అదే కండక్టరు అదే చిల్లర కోసం కన్నడలో విసుక్కుంటాడు. హెబ్బాళ దగ్గర దిగమని హిందీలో అరుస్తాడు. అతన్ని రాసుకుంటూ రాసుకుంటూ ఒకరోజు తన్ను తానే పట్టుకుంది. దేవనహళ్ళి రాగానే ఫోన్లో అమ్మతో మాట్లాడే గొంతు తగ్గించేస్తోంది తను. ఎవరూ తగ్గించమనలేదు. హాస్టల్లో వార్డెనుతో కన్నడం, మెస్సులో వడ్డించే అబ్బాయితో హిందీ, క్లాసులో ఇంగ్లీషు, గదిలో ఉండే ప్రతిమతో మూడూ కలిపిన సాంబారు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. లెక్క పెట్టేటప్పుడు అందరూ చిన్నప్పటి బడి భాషలో పెడతారు. సారీ మాత్రం ఎవరైనా ఇంగ్లీషులోనే చెబుతారు. సొంత భాషలో చెబితే నిజంగానే తప్పు చేసినట్టు ఉంటుంది కాబోలు.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళనూ వదిలిపెట్టలేదు. గురువారం పిళ్ళప్ప ఊరికే నవ్వుకుందామని నోటుబుక్కు తెరిచి అందరి ముందూ చదివాడు. నాయన: ఆవుతో తె, పాల సొసైటీ సెక్రెటరీతో క, కుక్కతో ఇం. అందరూ నవ్వారు. కుక్క కూడా తన పేరు విని తోక ఊపింది. అమ్మ: దేవుడికి పాట తె, మొక్కు క. ఇంకా నవ్వారు. చిన్నాయన: మామూలుగా తె, రెండు గుక్కలు పడ్డాక హిం. ఇక్కడ పిళ్ళప్ప ఒక్కడే నవ్వలేదు. ఆ పేజీ త్వరగా తిప్పెయ్యాలన్న తొందరలో తరువాతి పేజీలు గబగబా చదివాడు. చదివినచోటల్లా ఒక పేరు తగిలింది. నందీశ్. టిఫిను దగ్గర నందీశ్. లైబ్రరీలో నందీశ్. బస్‌స్టాపులో నందీశ్. నాలుగో పేజీకి నవ్వులు ఆగాయి. పదో పేజీకి నోటుబుక్కు మునివెంకటప్ప చేతిలోకి వచ్చింది.

ఇప్పటికి ఆరుసార్లు చెప్పింది అంబిక. ఏడోసారి కూడా చెప్పింది, పురుగులు ఏరుతూనే. నందీశ్ హాసన్ వైపు అబ్బాయి, తనతో చదువుతాడు. ఈ పనికి మేడమ్ చీటీలు వేసి ఇద్దరిద్దర్ని జత చేసింది. ఎవరి నోటుబుక్కు వాళ్ళే రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. సోమవారం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇద్దరూ కలిసి ఉన్న గంటల్లో ఇద్దరి రాతా ఒకటి కావాలి. కాకపోతే గదిలో కూర్చుని కల్పించి రాశారని రెండూ కొట్టేస్తారు. పోయిన సంవత్సరం ఒక జతను అట్లాగే ఇంటికి పంపారు. అందుకే అతని పేరు అన్నిచోట్లా ఉంది. అది పని. అంతే.

"చీటీ వేసి జత చేసినారంట అన్నా," అన్నాడు పిళ్ళప్ప, తల ఎత్తకుండా. "మన పూజారి జాతకాలు చూసి చేసేదీ అదే పని."

మునివెంకటప్ప తమ్ముడి వైపు ఒక చూపు చూశాడు. పిళ్ళప్ప వెంటనే పురుగుల్లో మునిగిపోయాడు. పచ్చివి కూడా ఏరేస్తున్నాడని పుట్టమ్మ ఇంకో పురుగుతో చెప్పింది.

మునివెంకటప్ప కోపం అరిచే రకం కాదు. పనంటే పనే కావచ్చునన్నాడు. అయితే పని చేసినవాని పేరు నాలుగు నెలలుగా ఇంట్లో ఒక్కసారైనా ఎందుకు వినబడలేదని అడిగాడు. ప్రతిమ పేరు తెలుసు, ప్రతిమ ఊరు తెలుసు, ప్రతిమకు పెసలు పడవని కూడా తెలుసు. నాలుగు నెలలు పక్కన కూర్చున్న మనిషి పేరు నోటుబుక్కు చెబితే గాని తెలియలేదు.

 ఎందుకు చెప్పలేదో అంబికకే ఆశ్చర్యం వేసింది.



అక్కయమ్మ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. చూపు మందగించినా, వేలు తాకితే ఏ పురుగు పండిందో చెప్పేస్తుంది. అక్షరం ముక్క రాదు. గురువారం అందరూ నవ్వినప్పుడు నవ్వింది, అందరూ ఆగినప్పుడు ఆగలేదు. అప్పటినుంచి ఆమె మనసులో ఏదో తిరుగుతూనే ఉంది. కోపం కాదు. సంతలో కొత్త గింజ కనబడితే చేతిలోకి తీసుకుని ఇదేమిటని నలిపి చూసే రకం తిరుగుడు.

"మునెంకటా, ఆ పుస్తకం తియ్యి," అంది.

"ఎందుకమ్మా?"

"ఆ పిల్లోని పేరు పక్కన ఏమి రాసిందో అది ఒకటే వినల్ల నేను. మొదటినుంచి. యాడ కూర్చున్నారు, ఏమి తిన్నారు నాకు వద్దు. పక్కన ఉండే అక్షరం ఒకటే చాలు."

తల్లి మాట తీసెయ్యడం మునివెంకటప్పకు చేతకాదు. రెండు రోజుల తర్వాత నోటుబుక్కు వెలుగు చూసింది. అట్ట ఆయన వీపు ఆకారానికి వంగిపోయింది. చెమటకు మూలలు ఉబ్బాయి. ఆయనకు చదవడం వస్తుంది గాని ఒక్కో అక్షరం మీద ఒక్కో బీడీ కాలేంతసేపు ఆగుతాడు. అందుకని పుట్టమ్మకు ఇచ్చాడు. పుట్టమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, కూతురి వైపు చూడకుండా మొదలుపెట్టింది.

ఆగస్టు నాలుగు, ఇం. ఆగస్టు అయిదు, ఇం. ఆరు, ఇం, ఇం. ఏడు, ఇం.

ఆగస్టంతా అదే. వాన చినుకుల్లాగా ఇం, ఇం, ఇం. పిళ్ళప్పకు ఆవలింత వచ్చింది. మునివెంకటప్ప ముఖం కాస్త తేటపడింది కూడా. ఇంగ్లీషులో మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఏం ఉంటుంది, బ్యాంకువాళ్ళ మధ్య ఉన్నంత ఉంటుంది.

సెప్టెంబరు పదకొండున మొదటి క వచ్చింది.

అక్కయమ్మ వేళ్ళు ఆగాయి. ఆ దినం ఏమి జరిగిందని అడిగింది. ఏమీ జరగలేదంది అంబిక. క్యాంటీను మూసేశారు, బస్‌స్టాపు పక్కన బండి మీద చిత్రాన్నం తిన్నారు, అంతే. చిత్రాన్నం ఇంగ్లీషులో ఎవరు మాత్రం తినగలరని పిళ్ళప్ప అన్నాడు. ఈసారి పుట్టమ్మ పెదవి చివర కూడా కదిలింది. వెంటనే సర్దుకుంది.

తరువాత ఒక ఇం, రెండు క. ఒక ఇం, అయిదు క. సెప్టెంబరు ముగిసేసరికి ఇం కనబడకుండా పోయింది.

అక్టోబరు పంతొమ్మిది దగ్గర పుట్టమ్మ ఆగి, పేజీని వెలుతురుకు పట్టి చూసింది.

"తె," అంది.

 ఈసారి అక్కయమ్మ ఏమీ అడగలేదు. ఆమె అడగకపోవడమే అంబికకు కష్టమైంది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. హాస్టల్లో కొత్తగా చేరిన హైదరాబాదు అమ్మాయిలిద్దరితో ఎంతో ఇష్టంగా తెలుగులో మాట్లాడబోయింది. నీళ్ళ బాటిల్ అక్కడ ఉండాది అన్నది. ఉండాది అని ఒకమ్మాయి తిరిగి అంది. రెండో అమ్మాయి ఇంకోసారి అంది. చెడ్డ పిల్లలేం కాదు. నవ్వారంతే. మరునాటినుంచి అంబిక వాళ్ళతో ఇంగ్లీషుకు మారిపోయింది. ఆ సాయంత్రం వానకు లైబ్రరీ మెట్ల మీద నిలబడిపోయినప్పుడు ఎందుకలా ఉన్నావని నందీశ్ అడిగాడు. చెప్పింది. అతను కన్నడలో ఒక మాట అన్నాడు. ఆ మాట నాకు చెప్పు, నవ్వడానికి కూడా నాకు తెలుగు రాదు.

అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట ఉండాది. వాన ఉండాది, గొడుగు లేదు. అంతటితో ఆ రోజుకు సరిపెట్టుకున్నాడు.

పుట్టమ్మ చదువుతూనే ఉంది. తె, క. తె, తె, క. ఆమె గొంతు తనకు తెలియకుండానే తగ్గుతోంది, దేవనహళ్ళి దగ్గర కూతురి గొంతు తగ్గినట్టు. నవంబరు వచ్చేసరికి ఇక చదవడం అనవసరమైంది. పేజీ పేజీకీ ఒకే అక్షరం.

"ఆపమ్మా," అంది అక్కయమ్మ.

చేతిలో ఉన్న పురుగును చంద్రిక మీద వదిలింది. అది తల అటూ ఇటూ ఆడించి, అప్పుడే మొదటి పోగు తీసింది.

"నాది దొడ్డబళ్ళాపురం పక్క. మా ఇంట్లో కన్నడ. మీ తాత పెండ్లయినంక మూడు నెలలు నాతో కన్నడమే మాట్లాడినాడు. చుట్టంతో మాట్లాడినట్ల. వాళ్ళమ్మతో తెలుగు, ఎద్దుతో తెలుగు, నాతో కన్నడ. ఎద్దు కంటే నేను దూరమేమో అనుకుంటి. ఒక దినం సంగటి ఉండకట్టిందని తెలుగులో తిట్టినాడు. వంటింట్లోకి పోయి ఏడ్చుకుంటి, సంతోషానికి. ఆ దినం నేను ఈ ఇంటిదాన్నయితి."

ఈ కథ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మునివెంకటప్పకు తండ్రి తిట్లు తెలుసు గాని, ఆ తిట్ల కోసం తల్లి మూడు నెలలు కాచుకుని కూర్చుందని తెలియదు.

అక్కయమ్మ మనవరాలి వైపు తిరిగింది. "హాసన్ పిల్లోనికి తెలుగుతో ఏమి పని మే?"

పరిశోధన కోసం అడిగాడని చెప్పబోయింది అంబిక. నిజమే, అతను అట్లాగే అడిగేవాడు. దీన్ని మీ ఇంట్లో ఏమంటారు, ఇంట్లో ఎట్లా అంటారో అట్లాగే చెప్పు. తనూ చెప్పేది. కానీ నోరు తెరిచేసరికి ఒక సంగతి అడ్డం పడింది. ఆమె ప్రతి మనిషికీ ఏ భాష ఎన్నిసార్లో కూడి లెక్క తీసింది. వార్డెనుకు ఒక బొమ్మ గీసింది, కండక్టరుకు ఒక బొమ్మ గీసింది, మెస్సు అబ్బాయికి కూడా గీసింది. నందీశ్ గడి ఒక్కటే కూడలేదు. జతగాడి లెక్క వేరే తియ్యనక్కరలేదని తనే అనుకుంది. మేడమ్ ఎక్కడా అట్లా చెప్పలేదు.

నాలుగు నెలలు తన చేత్తో తనే రాసింది. అక్షరం రాని అవ్వ ఒక్క పూటలో చదివేసింది.

"నాకు తెలీదవ్వా," అంది. ఆ ఇంట్లో రెండు రోజులుగా పుట్టిన మాటల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు.

మునివెంకటప్ప లేచి నిలబడ్డాడు. పురుగులు ఏరే రోజు ఆయన మధ్యలో లేవడం ఎవరూ చూడలేదు. అంబిక ఫోను అడిగాడు. ఆ పిల్లోడు తన పుస్తకంలో ఏమి రాసుకున్నాడో అడుగుతానన్నాడు.

అడగకూడదంది అంబిక. ఒకరిది ఒకరికి తెలియకూడదన్నది మేడమ్ నియమం.

"నేను మీ మేడమ్ దగ్గర చదవలేదు కదమ్మా," అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా. "నాకు ఆ నియమం లేదు."

పిళ్ళప్ప అప్పటికే ఫోను అందుకున్నాడు. పేరు వెతికాడు, నొక్కాడు, అందరికీ వినబడేట్టు పెట్టి ఆకు బుట్ట మీద నిలబెట్టాడు. ఇంత చురుగ్గా అతను ఏ పనీ చెయ్యగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

మూడు మోతలకు నందీశ్ ఎత్తాడు.

మునివెంకటప్ప గొంతు సవరించుకుని, పైవాళ్ళతో మాట్లాడే కన్నడలో, నమస్కార అన్నాడు, నేను అంబిక తండ్రిని అన్నాడు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఆ అబ్బాయి లేచి నిలబడినట్టున్నాడు.

"నమస్కారం నాయనా. బాగుండారా? పురుగులు పండినాయా?"

పుట్టమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ మాట తీరు వాళ్ళది. ఆ ఉండారా వాళ్ళది. దీర్ఘం తీసినచోటు కూడా ఈ ఇంటిదే. కళ్ళు మూసుకుని వింటే మేనత్త కొడుకెవరో మాట్లాడినట్టుంది. దానికి తోడు నాయనా అన్నాడు. పాపం, అతను నేర్చుకున్న తెలుగులో పెద్దాయన్ని పిలవడానికి ఉన్న మాట అదొక్కటే. నేర్పినమ్మాయి తన తండ్రిని ఎట్లా పిలుస్తుందో అదే నేర్చుకున్నాడు. అంబిక రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

 మునివెంకటప్ప మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కన్నడం పోయింది, తెలుగే వచ్చింది. ఆ సంగతి ఆయన గమనించలేదు. అక్కయమ్మ గమనించింది.

"అప్పా, నీ పుస్తకంలో మా అంబిక పేరు పక్కన ఏమి రాసుకున్నావు? భాష గడిలో."

 అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"ఆగస్టు అంతా ఇంగ్లీషు నాయనా."

"ఆ మీదట?"

"ఆ మీదట కన్నడ."

"అక్టోబరులో?"

"కన్నడనే."

"ఈ నెలలో?"

కాగితాలు ఇంకోసారి తిరిగాయి. "కన్నడనే నాయనా. కడాకు కన్నడనే రాసినాను."

"ఒక్క దినమైనా తెలుగు లేదా?"

ఈసారి కాగితాలు తిరిగిన చప్పుడు రాలేదు. 

"లేదు నాయనా. మేము తెలుగు మాట్లాడింది లేదు," అన్నాడు నందీశ్. అన్నవాడు ఇంకేమీ అనలేక, పురుగులు జాగ్రత్త అని చెప్పి పెట్టేశాడు.

ఆకు బుట్ట మీద ఫోను వెలుగు ఆరిపోయింది.

"తెలుగు మాట్లాడలేదని తెలుగులో చెప్పినాడు," అన్నాడు పిళ్ళప్ప. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

పుట్టమ్మకు మొదటిసారి కూతురితో నేరుగా మాట్లాడాలనిపించింది. ఎవరు అబద్ధం రాశారని అడిగింది. నువ్వా, ఆ పిల్లోడా. అడిగింది కోపంగా కాదు, భయంగా.

 అంబిక వేరే లెక్కలో పడింది. మాట్లాడినట్టుగా రాయకుండా, తిప్పి తిప్పి క అని రాయాలంటే మనిషికి ముందే ఏదో తెలిసి ఉండాలి. దాచేది ఉన్నవాడే దాస్తాడు. తను తెలియక నిజం రాసింది. అతను తెలిసి అబద్ధం రాశాడు. లేకపోతే అక్కడ తె అనే ఉంది, ఇంటి పెద్దాయన అడిగేసరికి జడిసి నోటితో మార్చేశాడు. ఈ రెండింట్లో ఏదో ఇక్కడ కూర్చుని తెలియదు. సోమవారం మేడమ్ బల్ల మీద గాని తెలియదు. అతను రాసింది నిజంగా క అయితే, తెలిసేసరికి ఒకటి జరిగిపోయి ఉంటుంది. రెండు పుస్తకాలూ ఒకటి కాలేదని ఇద్దరి చదువూ బుట్టలో పడి ఉంటుంది.

ఈ చివరి ముక్క మునివెంకటప్పకు కూడా తట్టింది. బడి నాలుగు తరగతులే గాని లెక్క తప్పే మనిషి కాదు. పుట్టమ్మ చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, తమ్ముడి జేబులో పెన్ను లాగి, రెండూ కూతురి ముందు పెట్టాడు.

"నీ దాంట్లో తె ఉండేచోటల్లా క అని దిద్దుకో," అన్నాడు. "రెండు పుస్తకాలూ ఒకటైతాయి. మీ మేడమ్ ఏమీ అనదు. నేనూ ఏమీ అడగను. సోమవారం నేనే వచ్చి బస్సెక్కిస్తా."

ఆయన గొంతులో బెదిరింపు లేదు. బతిమాలినట్టుంది. అదే అంబికను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నాయనకు చదువు ఆపాలని లేదు. ఆయనకు కావలసింది ఒక్కటే, ఆ అక్షరం లేకుండా పోవడం.

ఒక గంట పని. దిద్దితే బస్సు ఉంది, బల్ల ఉంది, డిగ్రీ ఉంది. హాసన్ అబ్బాయి ఒకడు కన్నడలో చదువుకుని కన్నడలో వెళ్ళిపోతాడు. లైబ్రరీ మెట్ల మీద వాన ఒక్కటి పడనట్టు అయిపోతుంది, అంతే.

అవ్వ వైపు చూసింది. అవ్వ తల వంచుకుని పురుగులు తడుముతోంది. ఈ విషయంలో తన వేళ్ళకు తెలిసింది చెప్పేసింది, ఇంక నీది అన్నట్టుంది ఆ కూర్చోవడం.

అంబిక పెన్ను మూత తీసింది. అక్టోబరు పేజీ తెరిచింది. మునివెంకటప్ప గుండెల్లోంచి ఒక ఊపిరి బయటికి వచ్చింది.

ఆమె ఆ పేజీ మీద చెయ్యి వేసింది, కాసేపు ఉంచింది, తరువాత తిప్పేసింది. నవంబరు తిప్పేసింది. రాత ఆగిపోయిన చోటికి, తెల్ల గళ్ళ దగ్గరికి వచ్చింది. అక్కడ వంగి రాసింది. శనివారం. పదకొండున్నర. పురుగుల షెడ్డు. నందీశ్, మా నాయనతో.

చివరి గడిలో ఒక్క అక్షరం పెట్టి, నోటుబుక్కు తండ్రి వైపు తిప్పింది.

మునివెంకటప్ప చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదివితే పెదవులు కదులుతాయి. శనివారం దగ్గర కదిలాయి, షెడ్డు దగ్గర కదిలాయి, తన పేరు లేకుండా తానున్నచోట ఆగి, మళ్ళీ కదిలాయి. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదలలేదు. అక్షరాన్ని చూస్తూ ఉండిపోయాడు. అది తప్పని చెప్పలేడు. ఆ మాటలు పలికించింది ఆయనే, విన్నదీ ఆయనే.

పుట్టమ్మ లేచి వచ్చి భర్త వెనక నిలబడింది. పిళ్ళప్ప తడిక పక్కకు జరిపి మెడ చాచాడు.

మునివెంకటప్ప నోటుబుక్కు తిరిగి ఇవ్వలేదు. నడుం వెనకా దోపుకోలేదు. తొడ మీద పరిచి పెట్టుకుని, ఆ అక్షరం కింద ఖాళీ గడి మీద వేలు ఉంచి, ఎవరి ముఖమూ చూడకుండా, పెన్ను కోసం కూతురి ముందు చెయ్యి చాచాడు.